గూటవ్వ

ఢిల్లీలో మా మనవరాలు మాలతి నన్ను మ్యూజియానికి తీసుకెళ్ళిన రోజున గుమ్మంలోనే గొడవైంది. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ ఒక చట్రం కింద నుంచి నడవాలి. నేను నడిచేసరికి అది కుయ్యిమని అరిచింది. పోయినేడు జారిపడినప్పుడు డాక్టర్లు నా తుంటిలో ఇనప కడ్డీ ఒకటి పెట్టారు. ఆ సంగతి అక్కడి వాళ్ళకు హిందీలో చెప్పడానికి మాలతి నానా తంటాలూ పడింది. చివరికి ఒక అమ్మాయి వచ్చి నన్ను నిలువెల్లా తడిమి చూసి పోనిచ్చింది. ఈ వయసులో నేను బాంబు పెట్టాలా అని నాకు ఒళ్ళు మండింది. వచ్చిందే ఒక్కదాన్ని చూడటానికి. మాలతి చిన్నప్పుడు చదివిన చరిత్ర పుస్తకంలో పేజీ నిండా ఒక బొమ్మ ఉండేది. మొహెంజొదారోలో దొరికిన కంచు పిల్ల. ఒక చేతి నిండా గాజులు, రెండో చెయ్యి నడుము మీద, నన్నెవరేం చేస్తారన్నట్టు ఎత్తిన గడ్డం. ఆ బొమ్మ చూసినప్పటి నుంచీ చచ్చేలోగా దాన్ని కళ్ళారా చూడాలని నాకు పట్టుకుంది. ఎందుకని మాలతి అడిగినప్పుడల్లా మాట తప్పించేదాన్ని.

పేజీ నిండా ఉన్న బొమ్మ కదా, మనిషంత ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే గాజు పెట్టెలో జానెడు కూడా లేదు. నా అరచేతిలో పడుకోబెట్టుకోవచ్చు. దానికి కాపలాగా తుపాకీవాడు, దాని మీదికే దీపం, దాన్ని చూడటానికి వరసకట్టి జనం. ఆ పిల్లకు పాదాలు లేవు. పుస్తకంలో నాకది తెలియలేదో, తెలిసీ నమ్మలేదో. ఎలా నిలబడిందా అని వంగి కిందికి చూడబోతే కాపలావాడు వచ్చి గాజు మీద చెయ్యి వేయొద్దని కసిరాడు. నేను చెయ్యి తీశాను గానీ చూడటం మానలేదు. చూడవలసింది చూశాక నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. కాళ్ళు నొప్పేమోనని మాలతి ఎక్కడి నుంచో స్టూలు తెచ్చి కూర్చోబెట్టింది, నీళ్ళు తాగించింది, బామ్మా ఇంక ఇంటికి పోదామంది. ఏమని చెప్పను దానికి? అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అరవదేశంలో కోవిల్పట్టి నుంచి నాగలాపురం పోయే దారిలో మా ఊరు. నల్లరేగడి. వానాకాలం కాలు పెడితే నేల వదలదు, ఎండాకాలం ఆ నేలే నెర్రెలిచ్చి పిల్లల కాలి కడియాలు మింగుతుంది. పత్తి, సజ్జ, ఉలవ. వాన పడితే పంట, లేకపోతే పస్తు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఇంట్లో మాట్లాడే మాటకు అక్షరాలున్నాయని పెళ్ళయి మద్రాసు వెళ్ళిందాకా నాకు తెలియనే తెలియదు. మా ఆయన నెల్లూరు మనిషి, పలక కొనిచ్చి నేర్పించాడు. ఆయన వైపు చుట్టాలు నా మాట విని, ఇదెక్కడి కాలం తెలుగమ్మా అని ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ తెలుగులో నాతో మాట్లాడినవాళ్ళు ఒక్కరూ ఇప్పుడు లేరు.

మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అవ్వ, అంటే మా నాయనకు తల్లి. ఒకప్పుడు ఆమె మనిషి పొడుగట, మా పెద్దనాయన కన్నా చెయ్యెడు ఎత్తట. నాకు తెలిసేనాటికి కూర్చుని పాకేది. గాదె మెట్ల మీద నుంచి పడి తుంటి విరిగితే ఎముకలు కట్టేవాడొచ్చి, కోడిగుడ్డూ మినప్పిండీ పట్టు వేసి వెదురు బద్దలు బిగించిపోయాడు. ఎముక అతుక్కుంది గానీ కాలు నేలకు ఆనలేదు. కింద గోనెపట్ట వేసుకుని రెండు చేతుల మీదా ఇల్లంతా జరిగేది. కూర్చుని చేసే పనులన్నీ ఆమెవే. ఎద్దుల కోసం రాత్రి నానేసిన పత్తిగింజలు తెల్లారగట్ల రోట్లో రుబ్బేది. ఆ గింజల పులిసిన నూనె వాసనకే నాకు మెలకువ వచ్చేది. మొదటి పాలు పిండి తాటిబెల్లం వేసి నాకో గిన్నెడు కాచి ఇచ్చేది, ఎద్దులకు పిప్పి. ఎద్దు అలిగితే దున్నదు, నువ్వు అలిగితే ఏం పోతాదే అని నన్ను ఏడిపించేది. ఆమె చెవులు పాంపడాలనే బంగారు నగల బరువుకు సాగి భుజాలు తాకేవి. బంగారం కరువుల్లో కరిగిపోయింది, ఉత్త తమ్మెలు మాత్రం మిగిలాయి. వాటిని పట్టుకు ఊగుతూ నేను నిద్రపోయేదాన్ని.

మా సీమలో అరకకు అప్పుడప్పుడూ పెద్ద కుండల అంచులు తగులుతాయి. మనిషి పట్టేంత కుండలు. వాటిని ముదుమక్కల తాళి అంటారు, ముసలివాళ్ళ కుండలని. వాటి కథ అవ్వ చెప్పేది. పూర్వం మనుషులకు చావు లేదట. ముసలివాళ్ళయ్యే కొద్దీ చిన్నవాళ్ళవుతూ పోయేవారట. చంటిబిడ్డంత, ఆ తరవాత పిల్లిపిల్లంత. అప్పుడు వాళ్ళను దీపం గూట్లో కూర్చోబెట్టేవారట. ఆకలేస్తే గూట్లో నుంచే కీచుగొంతుతో పిలిచేవారట. పిల్లులతో, ఎలకలతో మరీ ఇబ్బందైనప్పుడు ఇంట్లోవాళ్ళు ఏడ్చుకుంటూ పెద్ద కుండలో సజ్జలూ నీళ్ళూ వెలిగించిన దీపమూ పెట్టి, వాళ్ళను అందులో కూర్చోబెట్టి, నేలలో దించి వచ్చేవారట. ఇది మా వైపు అందరికీ తెలిసిన కథే. అందుకే అరకకు అంచు తగిలితే దున్నేవాడు ఎద్దుల్ని ఆపి, అక్కడో రాయి గుర్తుపెట్టి, గుప్పెడు గింజలు చల్లి పక్క నుంచి పోయేవాడు. లోపల వాళ్ళు ఇంకా ఉన్నారేమో ఎవరికి తెలుసు?

వానలు వరసగా తప్పిన ఏట మా నాయన మెట్ట మీద బావి తవ్వడం మొదలుపెట్టాడు. గడ్డపార పోయి తాళి మీద పడింది, కుండ పగిలింది. లోపల బూడిదలాంటి ఎముకలు, తుప్పు తిన్న కత్తి ముక్క, నల్లచిప్పలు. నాయన భయపడి అంతా మళ్ళీ మట్టితో కప్పి, గింజలు చల్లి, ఆ గుంట వదిలేశాడు. ఒక్కటి మాత్రం తలగుడ్డలో చుట్టుకొచ్చాడు. కంచుతో చేసిన ఆడమనిషి. పచ్చగా చిలుం పట్టి ఉంది. రెండు చేతులతో పొట్ట దగ్గర చిన్న గిన్నె పట్టుకుని ఉంది. కొప్పు ఒక పక్కకు. చెవులు సాగి భుజాల దాకా వచ్చాయి, అచ్చం అవ్వకు మల్లే. చీలమండల దగ్గర రెండు కాళ్ళూ విరిగిపోయాయి.

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. చెవులు తడిమింది. విరిగిన కాళ్ళు తడిమింది. తరవాత, "వొచ్చిందే మా అవ్వకు అవ్వ. ఎంతకాలం కూర్చుంటివే తల్లీ చీకట్లో" అని దాన్ని చెంపకు ఆనించుకుంది. అందరం నవ్వాం. అవ్వ నవ్వలేదు. కథలో మాట కథలోనే ఉండిపోతుందని మేమనుకున్నాం గానీ ఆమెకు అది కథ కాదు. అంత పొడుగు మనిషి తను కుదించుకుపోవడం ఆమె రోజూ చూసుకుంటోంది. చివరికి ఎంతవుతానో, ఎక్కడుంటానో ఆమెకిప్పుడు కనిపించింది.

తను పడుకునే మూల గోడలో దీపం గూడు ఉంటే దీపం తీయించి దాన్ని అక్కడ పెట్టింది. కాళ్ళు లేవు కాబట్టి నిలబడేది కాదు. గోడకు ఆనిస్తే ముందుకు పడేది. పత్తి ఉండ ఒకటి పెట్టి ఒరిగించింది, అయినా ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే డబ్బుమని పడేది. అవ్వ మళ్ళీ లేపి కూర్చోబెట్టేది. దానికి గూటవ్వ అని పేరు పెట్టింది నేనే. అవ్వ పొద్దున సద్దికూడు తినేముందు తన కంచు తళిగలో నుంచి వేలి కొస మీద కాస్త తీసి గూటవ్వ నోటికి రాసేది. ఆ తళిగ ఆమె కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది, అందులో తప్ప తినేది కాదు. గూటవ్వను చింతపండుతో తోమి మెరిపిస్తానని నేనంటే ఒప్పుకోలేదు. ముసలిదాని తోలు ముసలిదానికుండాలి, గీకితే పుండవుతుందంది. పెద్దనాయన పొలం నుంచి వస్తూ, గూట్లో అమ్మ తిన్నదా, మూల అమ్మ తిన్నదా అని అడిగి నవ్వేవాడు. ఆయన మంచివాడు. ఇది ఇప్పుడే చెప్పాలి. తల్లి కాలు పోయిన దగ్గర్నుంచీ ఏటేటా తిరనాళ్ళకు ఆమెను వీపున మోసుకుపోయి అమ్మవారిని చూపించి, మళ్ళీ మోసుకొచ్చేవాడు.

గూటవ్వకు కష్టం తెచ్చింది పసుపు. అప్పటికి మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మళ్ళీ కడుపుతో ఉంది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గూటి దగ్గరికి వెళ్ళి, గూటవ్వకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఈ బిడ్డనైనా నిలబెట్టమని దణ్ణం పెట్టుకుంది. నేను చూశాను. పక్కింటామె కూడా చూసింది. ఇంకేముంది, వారం తిరిగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ తలా చిటికెడు పసుపుతో వచ్చి మా మూలన నిలబడ్డారు. అవ్వ కొంగుతో తుడిచేది, వాళ్ళు మళ్ళీ రాసేవారు. "ఆమె సామి గాదే, ముసిలిది. సామికి పసుపు రాస్తే ఊరకుంటాది, ముసిలిదానికి రాస్తే కండ్లల్లో పడి మండుతాది" అని అవ్వ ఎంత మొత్తుకున్నా ఒకరూ వినలేదు. పసుపు తగిలిందంటే మా వాళ్ళకు అది సామే. గూటవ్వ ఇంటి ముసలిది అయినంతకాలం కాళ్ళు లేకపోవడం ఎవరికీ తప్పుగా తోచలేదు. సామి అయిన రోజున మాత్రం అది అందరి కళ్ళకూ కనబడింది. విరిగిన విగ్రహం ఇంట్లో ఉండకూడదు కదా.

అమ్మకు నెలలు నిండకముందే కాళ్ళు పొంగాయి, తల తిరిగి రెండుసార్లు పడింది. పెద్దనాయన కోడంగిని పిలిపించాడు. ఇంటికి కష్టమొస్తే పిడికెడు ఉడుక్క వాయిస్తూ కారణం చెప్పేవాడు కోడంగి. వాయించి వాయించి గూటివైపు చూసి ఆగాడు. విరిగి భిన్నమైనది ఇంట్లో ఉందన్నాడు. కాళ్ళు లేనిది తను బయటికి పోలేదు, పోలేనిది వచ్చేదాన్ని రానివ్వదన్నాడు. రాతిదైతే నీళ్ళకు, లోహమైతే నిప్పుకు, అదే పద్ధతి. కరిగించి, అంగలోపం లేని వస్తువు చేసి, అదే ఇంట్లో పెట్టుకుంటే దోషం పోతుంది, బిడ్డ నిలుస్తుందన్నాడు. పెద్దనాయన తల వంచుకుని విన్నాడు. మా గుడి గంట పోతపోసిన కంచరి విరుదునగరులో ఉన్నాడు. అతనితో దీపపు సెమ్మె పోయిద్దామని పెద్దనాయన తేల్చాడు. మా నాయన తన అన్న మాటకు ఎదురాడే మనిషి కాదు.

అవ్వ ఆ రోజు రుబ్బలేదు. పత్తిగింజలు నానినవి నానినట్టే ఉన్నాయి. పెద్దనాయన ఆమె ముందు కూర్చుని నచ్చచెప్పాడు, బిడ్డ కోసమమ్మా అన్నాడు, నీకు ఇంత సెమ్మె వస్తుంది, దీపం వెలుగుతుందన్నాడు. అవ్వ అంతా విని, గోనెపట్ట మీద ముందుకు జరిగి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"సామికి కాలు పోతే బిన్నం. మనిసికి పోతే బిన్నమా? నాకూ కాలు లేదు గదా అబ్బోడా. నన్నేం జేస్తావు?"

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. కానీ మనసు మార్చుకోలేదు. ఎలా మార్చుకుంటాడు? తల్లి మాట విని ఆగితే, బిడ్డ పోతే, ఆ పాపం ఎవరిది?

మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట నిలబడి మాట్లాడకూడదు. చెప్పవలసింది ఉంటే కొట్టంలో ఉన్న దూడకో, వాకిట్లో రోలుకో చెప్పాలి, ఆయన విన్నట్టుండాలి. బయలుదేరే రోజు పొద్దున అమ్మ ఆయాసపడుతూ కొట్టం దాకా నడిచింది. పెద్దనాయన బండికి ఎద్దుల్ని కడుతున్నాడు. అమ్మ దూడ మెడ పట్టుకుంది.

"దూడా, నా కోసరం ఆ ముసిలామెను పంపొద్దని చెప్పే. పసుపు పెట్టింది నేను. నా బిడ్డ ఉండేదైతే ఉంటాది."

పెద్దనాయన కాడి బిగిస్తూ తల తిప్పకుండా, "దూడా, నీకు తెలీదు. రేపు ఒకటంటే ఒకటైతే ఎవరు తట్టుకునేది? ఊరకుండు" అన్నాడు. అమ్మ ఇంకేదో చెప్పబోయింది, దూడ విడిపించుకుని తల్లి దగ్గరికి పోయింది. అమ్మ అలాగే చేతులు చాపుకుని నిలబడిపోయింది. ఎవరి కోసం ఇదంతా జరుగుతోందో ఆ మనిషికి అడ్డుచెప్పే దారి లేదు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. మాలతి అయితే, నేరుగా వెళ్ళి అడగొచ్చు కదా బామ్మా అంటుంది. అడగొచ్చు. నోరుంది, ఎదురుగా మనిషి ఉన్నాడు, అయినా అడగలేకపోయారమ్మా అంటే దానికి అర్థం కాదు.

అవ్వ తనూ వస్తానంది. సాగనంపే వాళ్ళు లేకుండా ఇంటి ముసలిదాన్ని ఎలా పంపుతారంది. పెద్దనాయన కాదనలేదు. బండిలో కోవిల్పట్టి దాకా, అక్కడి నుంచి రైలు. అవ్వ రైలెక్కడం అదే మొదలు, అదే ఆఖరు. పెద్దనాయన ఆమెను వీపున వేసుకుని స్టేషను మెట్లెక్కాడు. అవ్వ నడుముకు చిన్న మూట కట్టుకుంది, గూటవ్వను చీర కొంగులో చుట్టి రొమ్ముకు పెట్టుకుంది. అవ్వను పట్టుకుని కూర్చోవడానికి నన్ను తీసుకెళ్ళారు. కిటికీలో నుంచి వేడిగాలి, బొగ్గునుసి. అవ్వ కొంగు కాస్త తప్పించి, గూటవ్వ మొహం కిటికీ వైపు తిప్పి, అదిగో చేలు, అదిగో సాత్తూరు అని దానికి చూపిస్తూనే ఉంది. ఎదుటి బెంచీలో వాళ్ళు చూసి నవ్వుకున్నారు. పెద్దనాయన మొహం తలగుడ్డలో దాచుకున్నాడు.

విరుదునగరంటే మిరపకాయల ఘాటు. బజారులో దిగగానే తుమ్ములు. కొట్ల ముందు ఎర్రటి గుట్టలు, నూనె గానుగల వాసన, దారి పొడుగునా బళ్ళు. ఆ ఘాటుకు ముగ్గురి కళ్ళూ కారుతున్నాయి, ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. అవ్వ ఆ ఊరిని విరుదుపట్టి అనే అంది, కొత్త పేరు ఆమె నోట రాలేదు. కంచరి ఇంటి వెనక తడికెల పాక. కొలిమి, తిత్తి, ఆరబెట్టిన మట్టి అచ్చులు. అతను గూటవ్వను తిప్పి చూసి, గోటితో చిలుం గీకి, పాతకాలపు మంచి కంచని అరవంలో చెప్పాడు. కానీ దీనితో సెమ్మె రాదు, ఇంకా లోహం కలపాలన్నాడు. తన దగ్గర ఉన్న పాత ముక్కలు కలుపుతానన్నాడు. అవ్వ వద్దంది. నడుము మూట విప్పి తన కంచు తళిగ తీసి నేల మీద పెట్టింది.

పెద్దనాయన, రేపటి నుంచి నువ్వు ఎందులో తింటావని అడిగాడు. ఆ మూటలోనే మరో చిన్న ముడి ఉంది. అందులో వరిబియ్యం. మా ఇంట్లో పండగలకు తప్ప కనబడని బియ్యం, ఎప్పుడు దాచిందో దాచింది. ముడి విప్పి ఆయన అరచేతిలో పోసింది. ప్రాణం పోయినవాళ్ళ నోట్లో కడసారి కొడుకులు వేసే బియ్యం, వాయ్కరిసి, ఇంకెవరూ ముందుగా వేయకూడదు.

"కొడుకు పెట్టాల. పెట్టు" అంది.

ఆయన తల్లి వైపు చూశాడు, చేతిలో బియ్యం వైపు చూశాడు. అమ్మా వద్దే అన్నాడు చిన్నపిల్లాడిలాగా. కొలిమి ఊదేవాడు ఊదడం ఆపాడు. అవ్వ గూటవ్వను రెండు చేతుల్లో పట్టుకుని ఎదురుగా కూర్చుంది, పైన ఆమె చెవులు, కింద అవే చెవులు. పెద్దనాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తూ, గూటవ్వ నోటికి బియ్యం పెట్టాడు. గింజలు జారి గిన్నె పట్టుకున్న ఆ చిన్న చేతుల్లో కొన్ని నిలిచాయి. కంచరి తళిగను సుత్తితో ముక్కలు చేసి మూసలో వేశాడు. గూటవ్వను వాటిపైన పెట్టాడు. నేను కళ్ళు మూసుకోలేదు. ముందు పచ్చటి మంట లేచింది. చెవులు మొదట పోయాయి. మొహం మాత్రం చాలాసేపు ఉంది. అవ్వ కడదాకా చూసి, అయిపోయిందా అని అడిగి, ఇంక పోదాం పద అంది. తిరిగి వచ్చేటప్పుడు పెద్దనాయన వీపు మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. సాత్తూరు వచ్చినా తెరవలేదు.

మేము ఊరు చేరేసరికి వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మకు నొప్పులొచ్చి బిడ్డ పుట్టింది. మగబిడ్డ. ఏడవలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటారే, అలా పడింది. పెద్దనాయన గడపలోనే చతికిలబడి, నొప్పులు ఎప్పుడు మొదలైనాయి, మేము ఊరు దాటకముందా, దాటినాకనా అని అడిగాడు. ఒకామె పొద్దున్నే అంది, ఒకామె కాదు మధ్యాహ్నమంది. ఆ ప్రశ్న ఆయనను చచ్చేదాకా వదల్లేదు. తను ఆలస్యం చేసినందుకు బిడ్డ పోయాడా, అసలు చేసినందుకే పోయాడా, ఏదీ కాక ఊరికే పోయాడా, ఆయన తేల్చుకోలేకపోయాడు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా పుట్టింటికి వెళితే నా పక్కన చేరి మెల్లగా అడిగేవాడు. "నువ్వు అవ్వ పక్కనే ఉంటివి గదా పాపా. నిప్పులో పెట్టినప్పుడు ఎండ యాడ ఉండె?" నాకు నిజంగా గుర్తులేదు. గుర్తుందని అబద్ధం చెప్పినా ఏ మాట చెబితే ఆయనకు ఊరటో తెలియలేదు.

అమ్మ మంచం దిగాక కొట్టం వైపు వెళ్ళేది కాదు, దూడకు నీళ్ళు నన్ను పెట్టమనేది. సెమ్మె తయారై వచ్చిన రోజు పెద్దనాయన దాన్ని అవ్వ ముందు పెట్టి దూరంగా నిలబడ్డాడు. వెడల్పాటి పీట, దాని మీద మొలకెత్తినట్టు సన్నటి కాడ, పైన చమురు గిన్నె. అవ్వ కింద పీట చుట్టూ చెయ్యి తిప్పి చూసింది.

"పాదం బాగనే పెట్టినాడు. ఇంక పడదు" అంది.

అంతే. ఆ దీపం వైపు మళ్ళీ చూడలేదు. కొత్త తళిగ కొంటానంటే వద్దంది, మట్టి మూకుట్లో తినేది. నిజంగానే రోజురోజుకూ కుదించుకుపోయింది. చివర్లో పెద్దనాయన ఒక్క చేత్తో ఎత్తి ఎండలో కూర్చోబెట్టేవాడు. గింజలు రుబ్బలేకపోయినా వాసన కావాలని రోటి పక్కనే పడుకోబెట్టమనేది. కూడు నేనే వేలితో నోటికి అందించేదాన్ని. ఒకరోజు తినడం ఆపి, "గూట్లో ఎడం ఉండాదా చూడు పాపా" అంది. గూట్లో సెమ్మె ఉంది. చోటు లేదవ్వా అన్నాను. సరే అంది. ఆమె పోయినప్పుడు బియ్యం పళ్ళెం పట్టుకుని అందరూ పెద్దనాయనను పిలిచారు. ఆయన పాడె పక్కన నిలబడి చెయ్యి చాపలేదు. "ఒకసారి పెట్టేస్తిని గదా" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకూ, నేను చెప్పగా విన్న అమ్మకూ తప్ప అక్కడ ఎవరికీ తెలియలేదు. చివరికి మా నాయన ఆయన మణికట్టు పట్టుకుని పెట్టించాడు.

ఆ సెమ్మె ఇప్పుడు నా దగ్గరుంది. అందులో ఏది తళిగో, ఏది గూటవ్వో నేను ఎంత చూసినా కనిపెట్టలేను. మాలతి దాన్ని పొడి వేసి తోముతానంటుంది, నేను తోమనివ్వను. ఆ రోజు మ్యూజియంలో వంగి నేను చూసిందేమిటో దానికి ఇంకా చెప్పలేదు. కాళ్ళు లేని ఆ పిల్లను ఒక సన్నటి ఇనప కడ్డీ మీద నిలబెట్టారు. అంతే. చిటికెన వేలంత లేదు. అది ఉంటే చాలు, ఆ పిల్ల గడ్డం ఎత్తుకుని నిలబడింది, లోకమంతా వచ్చి చూస్తోంది, నీకు కాళ్ళేవే అని ఎవరూ అడగడం లేదు. నా తుంటిలోనూ అలాంటిదే ఒక కడ్డీ. అది పెట్టించుకుని నేను ఢిల్లీ దాకా నడిచాను. మా కొట్టంలో బండి చీలలు బుట్టెడు ఉండేవి. ఒక్కటంటే ఒక్కటి ఆ విరిగిన కాళ్ళ కింద పెట్టి, ఇదిగో నిలబడింది చూడండి అనాలని మాకెవరికీ తోచలేదు. అవ్వ మాత్రం పడ్డప్పుడల్లా పత్తి ఉండ సర్దుకుంటూ, మళ్ళీ లేపి కూర్చోబెడుతూ ఉండేది.